తమ్ముడు చెప్పని మాట

ఓబక్క పుట్టింది కర్ణాటక అంచున ఉన్న పావగడ తాలూకాలోనే, మెట్టిందీ పావగడ తాలూకాలోనే. సముద్రం ఆమె ఎప్పుడూ చూడలేదు. తుఫాను అంటే ఆమెకే కాదు, ఆమె ఊరు క్యాతగానచెర్లులో అందరికీ మంచి కబురే. తూర్పున ఎక్కడో తుఫాను లేచిందంటే ఈ పక్క ఆకాశం మబ్బు పట్టేది, అదృష్టం బాగుంటే నేల తడిసేది. "తుపాను పట్టిందంట, ఇంక శెనక్కాయకు పదునైతాది" అని పెద్దవాళ్లు అరుగుల మీద కూర్చుని సంతోషంగా చెప్పుకుంటుంటే విని పెరిగింది ఆమె. ఆ తుఫాను తగిలే ఒడ్డున కూడా మనుషులుంటారనీ, ఆ పూట వాళ్లు ఏం చేస్తుంటారనీ ఎన్నడూ ఆలోచించలేదు. ఆలోచించే అవసరం రాలేదు.

వాళ్లది గొర్రెలు కాసుకునే కుటుంబం. పెళ్లైన కొత్తలో భర్త మల్లేశప్పతో కలిసి ఆమె కూడా మంద వెంట తిరిగింది. గాడిద మీద వంట సామాను, చంకలో బిడ్డ. ఏ రైతు చేలో మంద కడితే ఆ పూటకు అదే ఇల్లు. మంద చెదరకుండా చుట్టూ గుంజలు పాతి వల కట్టడం, ఈనిన గొర్రెకు పిల్లను అలవాటు చేయడం, గాలివాన వస్తే గొర్రెలు ఏ దిక్కుకు ఒరుగుతాయో ముందే పసిగట్టడం, అన్నీ ఆమెకు వచ్చు. కొడుకు ఉమేశ్‌ను బడిలో వేశాక ఊళ్లో నిలిచిపోయింది. మల్లేశప్ప మాత్రం నిలవలేదు.

తర్వాత సోలార్ పార్కు వచ్చింది. భూములున్న వాళ్లు భూములు బాడుగకు ఇచ్చారు. మల్లేశప్పకు ఇవ్వడానికి భూమి లేదు. ఆయన మంద ఇన్నాళ్లూ బతికింది ఇతరుల బీళ్ల మీద. ఆ బీళ్లన్నీ ప్యానళ్ల కిందికి పోయాయి, చుట్టూ కంచె పడింది. ఊళ్లో చాలామంది మందలు అమ్మేశారు. ఉమేశ్‌కు ఆ పార్కులోనే సెక్యూరిటీ పని దొరికింది. ఓబక్క ప్యానళ్ల వరసల మధ్య కలుపు కోసే కూలీలతో చేరింది.

"నువ్వూ అమ్మెయ్ నాయనా. ఈడ మేపేదానికి యాడుండాది?" అని ఉమేశ్ చాలాసార్లు అన్నాడు.

"ఈడ లేకుంటే ఇంకో చోట ఉంటాది" అనేవాడు మల్లేశప్ప.

ఆ ఇంకో చోటు ఏటికేడాది దూరం జరుగుతూ పోయింది. మొదట కల్యాణదుర్గం పక్క పొలాలు. తర్వాత కర్నూలు జిల్లా. చివరికి వరి కోసేసిన మళ్లను వెతుక్కుంటూ చీరాల అవతల సముద్రపు ఒడ్డు దాకా వెళ్లడం మొదలుపెట్టాడు. చలి తగ్గగానే బయలుదేరితే తిరిగి తొలకరికే రావడం. తోడు ఓబక్క తమ్ముడు హనుమప్ప. బావా బావమరుదులవి రెండు మందలు కలిసి ఒకటే మందగా నడిచేవి. చెవి కోతను బట్టి ఎవరివి వాళ్లు గుర్తుపట్టుకునేవారు. హనుమప్పకు ఆ గొర్రెలు తప్ప వేరే ఆధారం లేదు. అక్కకైతే కొడుకు జీతం ఉంది, తన కూలి ఉంది. తమ్ముడికి అదీ లేదు.

ఆ ఏడు మే నెలలో హనుమప్ప కూతురు మంజుశ్రీ పావగడ ఆసుపత్రిలో ఆడపిల్లను కన్నది. మనవరాలిని చూసుకుని వచ్చేస్తానని మందను బావకు అప్పగించి హనుమప్ప బస్సెక్కి ఊరికొచ్చాడు. మల్లేశప్ప, ఒక కుక్క, రెండు కుటుంబాల జీవాలు సముద్రపు ఒడ్డున ఉండిపోయాయి.

మంద దిగిన చోటికి దగ్గరలో ఒక చేపల పల్లె ఉంది. ఆ పల్లెలో బంగారమ్మ అనే ఆమె ఇంట్లో మల్లేశప్ప ఫోను చార్జింగు పెట్టుకునేవాడు. ఒకసారి అతని ఫోను పాడైతే ఆమె ఫోను నుంచే ఇంటికి మాట్లాడాడు. అట్లా ఎన్నడూ ఎదురుపడని ఇద్దరు ఆడవాళ్లకు పరిచయం కలిసింది. "మీ ఆయన చేప ముట్టడమ్మా. పచ్చిపులుసు పోస్తే మాత్రం కడుపునిండా తింటాడు" అని బంగారమ్మ చెబితే ఓబక్క చాలాసేపు నవ్వుకుంది.

తుఫాను కబురు మొదట కలుపు కోసే చోట చెవిన పడింది. ఎండ మండిపోతోంది. ప్యానళ్ల నీడలో కూర్చుని ఎవరో ఫోనులో వార్త పెట్టారు. ఓబక్క కొడవలి కింద పెట్టి, గేటు దగ్గర డ్యూటీలో ఉన్న ఉమేశ్ దగ్గరికి నడిచింది.

"అది మీ నాయన ఉండే దిక్కేనా?"

ఉమేశ్ తన ఫోనులో చూశాడు. "కాదులేమా. పైకి పోతాదంట, ఒరిస్సా దిక్కు."

మల్లేశప్ప కూడా అదే అన్నాడు. "గాలి కొంచెం ఉండాది. సముద్రం మొరుగుతాండాది, అంతే. ఈడోళ్లు పెద్దగా బయపడల్యా."

మర్నాటి పొద్దుటికి తుఫాను దారి మార్చుకుంది. పైకి పోవాల్సింది పడమటికి తిరిగింది. ఉమేశ్ ఫోను చేసి చెప్పేసరికి ఓబక్క ఇంకా పనికి బయలుదేరలేదు. వెంటనే భర్తకు ఫోను చేసింది, కలవలేదు. బంగారమ్మకు చేసింది.

బంగారమ్మ గొంతులో నిన్నటి నెమ్మది లేదు. వెనక నుంచి ట్రాక్టరు చప్పుడు, మగవాళ్ల కేకలు.

"పడవలు సరుగుడు తోటలోకి లాగతన్నారమ్మా. మా ఆయన ఆడే ఉన్నాడు. సముద్రం రోడ్డు దాకా వచ్చేసింది. మా అత్త ఇంట్లోంచి కదలనంటది. నాకు కాళ్లూ చేతులూ ఆడతల్లేదు."

"మా ఆయన యాడుండాడు తల్లీ?"

"దిబ్బ మీద. రాత్రే మందను ఇసుక దిబ్బ మీదకి తోలాడు. ఇప్పుడేమో కాలవ పొంగి రోడ్డు మునిగింది. లారీ దాటతది గానీ గొర్రెలు దాటవంట."

దాటవని ఓబక్కకు ఎవరూ చెప్పనక్కర్లేదు. గొర్రె మోకాలి లోతు నీళ్లను చూస్తేనే నిలబడిపోతుంది. కొట్టినా కదలదు. ఒకటి నిలబడితే మందంతా నిలబడుతుంది.

ఆమె పనికి వెళ్లలేదు. హనుమప్ప ఇంటికి పరుగెత్తి తమ్ముణ్ని పిలుచుకొచ్చింది. ఇద్దరూ ఇంట్లో ఫోను ముందు కూర్చున్నారు. హనుమప్ప బావ నంబరు నొక్కుతూనే ఉన్నాడు. అటు నుంచి ఏ చప్పుడూ లేదు. బయట ఎండ కాస్తోంది. వీధిలో ఎవరో మంచం నులక బిగిస్తున్నారు. ఇంత ఎండలో, ఇంత పొడి నేల మీద కూర్చుని నీళ్లకు భయపడటం ఓబక్కకు పిచ్చిగా అనిపించింది. అయినా తమ్ముడి చేతిలోని ఫోను మీంచి చూపు తిప్పలేదు.

మధ్యాహ్నం దాటాక బంగారమ్మే ఫోను చేసింది. ఓబక్క స్పీకరు నొక్కింది. గాలి హోరు గదంతా నిండింది.

"లారీ వచ్చిందమ్మా. మా పల్లెకు ఇదే ఆఖరు లారీ. అందరం షెల్టరుకు పోతన్నాం. మీ ఆయన రానంటన్నాడు. నేను దిబ్బ మీదకే వచ్చా. నా మాట వినట్లా. నువ్వు చెప్పు, నువ్వన్నా చెప్పు."

ఫోను చేతులు మారింది.

"ఏమే" అన్నాడు మల్లేశప్ప. అరిచి చెబుతున్నా సగమే వినిపిస్తోంది. "ఇవి నీళ్లలో దిగవు. గుంపు కట్టి నిలబడినాయి. నేను దిబ్బ మిందనే ఉంటాలే. ఈ దిబ్బ ఎత్తుండాది."

"నీళ్లు దిబ్బ మిందికి వస్తే?"

"రావులే."

"పుట్టి పెరిగినోళ్లు వాళ్లే ఇడిసిపెట్టి పోతాండారు. నీకేం తెలుసు సముద్రం సంగతి? వల ఇప్పేసి లారీ ఎక్కు."

ఈసారి మల్లేశప్ప గొంతు తగ్గించి మాట్లాడినట్టున్నాడు, ఇద్దరూ ఫోనుకు చెవులానించాల్సి వచ్చింది.

"నావి ఒగటే అయితే ఇడిసిపెడ్దును. హనుమప్పవి ఉండాయి. నన్ను నమ్మి అప్పజెప్పి పోయినాడు. వాని జీవాలు నీళ్లపాలు చేసి ఏం మొగం పెట్టుకోని ఊరికొచ్చేది?"

ఓబక్క ఫోను తీసి తమ్ముడి చేతిలో పెట్టింది.

"చెప్పప్పా. ఒగ మాట చెప్పు. నువ్వు చెప్తే వస్తాడు."

హనుమప్ప ఫోను పట్టుకున్నాడు. "బావా" అన్నాడు. అంతే. పెదవులు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. అటు నుంచి "హనుమప్పా, ఉండావా?" అని మల్లేశప్ప అడిగాడు. మళ్లీ అడిగాడు. లారీ హారను వినిపించింది. "అన్నా, డ్రైవరు ఇంక ఆగడంట" అని బంగారమ్మ అరుస్తోంది. హనుమప్ప గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు.

ఓబక్క అతని చేతిలోంచి ఫోను లాక్కుంది.

"ఇంటాండావా? హనుమప్ప ఇడిసిపెట్టమంటాండాడు. మనిషి ఉంటే చాలు బావా అంటాండాడు. ఏడుస్తాండాడు, వానికి గొంతు పెగలల్యా."

"వాడే అన్నాడా?"

"వాడే అన్నాడు. వల అన్ని పక్కలా ఇప్పెయ్. గాలి యాడికి తోలితే ఆడికి పోతాయి, వాటి రాత. నువ్వు లారీ ఎక్కు."

మల్లేశప్ప ఏదో అన్నాడు. ఏమన్నాడో తెలియలేదు. లైను తెగిపోయింది.

ఓబక్క ఫోను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. హనుమప్ప లేచి నిలబడ్డాడు.

"నేను అనల్యా అక్కా."

"తెలుసు."

"అవి నా బతుకు."

"తెలుసప్పా."

అతను చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆమె వెనక్కి పిలవలేదు.

ఆ సాయంత్రం తుఫాను ఒడ్డు దాటిందని టీవీలో చెప్పారు. కూలిన చెట్లు చూపించారు, వంగిపోయిన కరెంటు స్తంభాలు చూపించారు. ఏ ఊరని చెబుతున్నారో ఓబక్కకు తలకెక్కలేదు. మల్లేశప్ప ఫోను లేదు, బంగారమ్మ ఫోనూ లేదు. కరెంటు పోయి టవర్లు పని చేయడం లేదని ఉమేశ్ చెప్పాడు. అది చెప్పి ధైర్యం తెప్పిద్దామనుకున్నాడు గానీ, చెప్పాక తనూ ఆ రెండు నంబర్లే నొక్కుతూ ఉండిపోయాడు.

తెల్లవారేసరికి పావగడ మీద మబ్బు కమ్మింది. కాసేపటికి జల్లు పడింది. పక్కింటి దాసన్న బయటికొచ్చి ఆకాశం చూసి, "ఒగ పదునాయ" అన్నాడు. ఆయనకు సంగతి తెలియక కాదు. నోటికి అలవాటైన మాట వచ్చేసింది. తర్వాత ఓబక్కను చూసి తల దించుకుని లోపలికి పోయాడు. తడిసిన మట్టి వాసన లేచింది. పుట్టినప్పటి నుంచి ఆమెకు ఇష్టమైన వాసన అది. ఆ రోజు ఆ వాసన తగలకుండా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

రెండు చీరలు సంచిలో వేసుకుని ఆటో ఎక్కి పావగడ బస్టాండుకు పోయింది. ఎవరికీ చెప్పలేదు. చీరాల పోవాలంటే ఏ బస్సు ఎక్కాలని కండక్టర్లను అడిగింది. కన్నడలో అడిగింది, తెలుగులో అడిగింది. ఆ దిక్కు బస్సులు నిలిపేశారని ఒకాయన చెప్పాడు. అనంతపురం దాకా పోయి చూడమని ఇంకొకాయన అన్నాడు. పోయి ఎక్కడ దిగాలి, ఎవరిని అడగాలి, ఏ పల్లె అని చెప్పాలి? ఆ పల్లె పేరు ఆమె ఎప్పుడూ అడిగి తెలుసుకోలేదు. బంగారమ్మ వాళ్ల ఊరు, అంతే. పావగడ కొండ కింద ఉన్న ఆ బస్టాండులో సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుండిపోయింది. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. వాన నీళ్లు మెట్ల దాకా పారుతున్నాయి.

ఆయన లారీ ఎక్కాడో లేదో. తన మాట నమ్మాడో లేదో. హనుమప్ప గొంతులో ఆ మాట వినలేదు కదా, అనుమానం వచ్చి ఆగిపోయాడేమో. లేకపోతే వలలు విప్పుతూ విప్పుతూ ఆలస్యం చేశాడేమో. వల అన్ని పక్కలా విప్పమని చెప్పింది తనే. ఎందుకు చెప్పింది? ఒక్క పక్క చాలు కదా. ఆ నాలుగు గుంజలు పీకే సేపట్లో లారీ పోయుంటే? ఈ ఆలోచన వచ్చాక ఆమెకు ఇంకేదీ వినిపించలేదు. ఉమేశ్ వెతుక్కుంటూ వచ్చి భుజం మీద చేయి వేస్తే ఉలిక్కిపడింది.

"పద మా, ఇంటికి పోదాము."

"ఆ గుంజలు పీకేదానికి ఎంతసేపు పడుతాదిరా?"

ఉమేశ్‌కు అర్థం కాలేదు. తల్లిని బండి మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయాడు.

ఆ మరుసటి రోజు తెలియని నంబరు నుంచి ఫోను వచ్చింది.

"నేనే" అన్నాడు మల్లేశప్ప.

ఓబక్క నేల మీద కూలబడి, ఫోను చెవికి అదిమి పెట్టుకుంది. అటు నుంచి అతని ఊపిరి వినిపిస్తోంది.

"ఎక్కినా. ఆమె చెయ్యి పట్టుకోని లారీలోకి గుంజింది. ఇంట్లో సామాను ఒగటీ తెచ్చుకోలేదు బంగారమ్మ, నా కోసరం దిబ్బకాడికి వచ్చి. వాళ్ల ఇంటి కప్పు పాయ. పడవ ఇరిగిపాయ. మన జీవాలు అన్నీ పోయినాయే. రొయ్యల చెరువుల్లో తేలినాయి. సరుగుడు చెట్లల్ల కొన్ని చిక్కుకోని బతికినాయి. కుక్క కనపడల్యా."

"నువ్వు రా."

"వస్తా. ఇవన్నీ పూడ్చల్ల. ఊరోళ్లు కూడా చెయ్యేస్తాండారు. వాసన మొదలైతాండాది. వాళ్ల కప్పుకు కూడా ఒగ తాటాకు కప్పి వస్తా, ఊరికే ఎట్ల వచ్చేది?"

ఆ కబురు హనుమప్పకు చెప్పడానికి ఓబక్క స్వయంగా వెళ్లింది. అతను వాకిట్లో కట్టెలు కొడుతున్నాడు. "మీ బావ బతికినాడు" అంది. గొడ్డలి ఆగింది. "జీవాలు పోయినాయి" అంది. గొడ్డలి మళ్లీ లేచింది. ఆమె తిరిగి వచ్చేసింది.

మల్లేశప్ప వచ్చిన రోజు ఉమేశ్ పావగడ వెళ్లి తీసుకొచ్చాడు. మనిషి నల్లబడి సగమైపోయాడు. అరచేతుల నిండా పార పట్టిన బొబ్బలు. భుజాన కంబళి లేదు, చేతిలో కట్టె లేదు. ఓబక్క నీళ్లు తోడి పెట్టింది. కాళ్లు కడుక్కోకుండానే అతను బయలుదేరాడు.

"యాడికి?"

"హనుమప్పకాడికి."

"తిని పోదువులే."

"తింటే ఇంక పోలేను."

దారిలోనే నిజం చెప్పేద్దామని ఓబక్క వెంట నడిచింది. చెబితే ఏమవుతుంది? తమ్ముడి జీవాలను తమ్ముడి మాట లేకుండా నీళ్లకు వదిలాడని తెలిస్తే ఈయన ఇక తల ఎత్తడు. చెప్పకపోతే హనుమప్పే చెబుతాడు. చెప్పే హక్కు అతనికి ఉంది. అడుగడుగునా నోరు తెరవాలనుకుంది. హనుమప్ప ఇల్లు వచ్చేసింది.

హనుమప్ప మనవరాలిని ఒళ్లో వేసుకుని మంచం మీద కూర్చుని ఉన్నాడు. మల్లేశప్ప మంచం మీద కూర్చోలేదు. కింద నేల మీద కూర్చున్నాడు.

"నీ మాట మింద ఇడిసిపెట్టినా హనుమప్పా. నువ్వు అనకుంటే నేను కదిలేటోణ్ని కాదు. ఆ దిబ్బ ఇప్పుడు లేదు. చూద్దామని పోతే ఆడ నీళ్లు ఉండాయి."

హనుమప్ప తలెత్తి అక్క వైపు చూశాడు. ఆమె గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. చెప్పొద్దని సైగ కూడా చేయలేదు. చేసే మొగం లేదనుకుంది. పసిపిల్ల కదిలితే అతను జోకొట్టాడు. చాలాసేపు జోకొట్టాడు.

"మనిషి ఉంటే చాలు బావా" అన్నాడు.

మల్లేశప్ప రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. ఫోనులో గాని, వచ్చాక ఇంట్లో గాని ఏడవని మనిషి అక్కడ ఏడ్చాడు.

బతికిన గొర్రెలను మల్లేశప్ప బంగారమ్మకే ఇచ్చి వచ్చాడని తర్వాత తెలిసింది. ఒడ్డు నుంచే ఫోనులో ఆ ఒక్క మాట హనుమప్పను అడిగి ఇచ్చాడు. ఆ ఏడు బావా బావమరుదులిద్దరూ సోలార్ పార్కులో ప్యానళ్లు కడిగే పనికి కుదిరారు. మల్లేశప్ప పని చేసేవాడు గానీ ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. రేడియోలో సముద్రం అన్న మాట వస్తే లేచిపోయేవాడు. హనుమప్ప బావతో కలిసి బీడీ కాల్చేవాడు, కలిసి ఇంటి దాకా నడిచేవాడు. అక్క ఇంటి గడప మాత్రం తొక్కలేదు. పనికి తీసుకుపోయే బండిలో ఓబక్క ఒక చివర ఉంటే అతను ఇంకో చివర నిలబడేవాడు. మనవరాలికి పేరు పెట్టిన రోజు అక్కకు కబురు కూతురి చేత పంపాడు. భోజనాల దగ్గర ఆమె ఉన్న వరసకు వడ్డించడానికి రాలేదు.

ఓబక్క దానికి సిద్ధపడే ఉంది. అతని బతుకును తన నోటితో ఇచ్చేసింది. పైగా ఆ మాటను అతని చేతే పలికించింది. కోపం ఉండటమే న్యాయం అనుకుంది. కానీ తోడబుట్టినవాడు ఎదురుగా ఉండి మొహం తిప్పుకుంటుంటే రోజూ చూడటం ఆమె వల్ల కాలేదు. ఒక మధ్యాహ్నం అందరూ ప్యానళ్ల నీడలో అన్నం తింటుంటే, అతను ఒంటరిగా ట్యాంకరు పక్కన కూర్చుని ఉండటం చూసి దగ్గరికి వెళ్లింది.

"తిట్టప్పా" అంది. "కొట్టినా పడతా. ఇట్ల ఉండొద్దు."

హనుమప్ప తల ఎత్తలేదు. ముద్ద చేతిలోనే ఉంది.

"నీ మింద కోపం యాడిదక్కా. ఆ పొద్దు ఫోను చేతిలో పెట్టినావు చూడు, అప్పుడు నాకు బావ గురుతు రాలే. గొర్రెలే గురుతొచ్చినాయి. ఆ పొట్టేలు, ఆ చూడి గొర్రెలు, అవే కండ్ల ముందర తిరిగినాయి. ఉండు బావా, ఆడనే ఉండి చూసుకో అని నోటి దాకా వచ్చినాది. దాన్ని మింగేదానికే గొంతు సాలకపాయ." ముద్దను తిరిగి క్యారియరులో పెట్టేశాడు. "బావకు తెల్దు. ఆ పొద్దు నన్ను చూసి నీకు తెలిసిపాయ. నీ మొగం చూస్తే అదే గురుతొస్తాది."

ఓబక్క ఆ రోజు తాను అతన్ని సరిగా చూడనే లేదని, ఫోను లాక్కోవడం తప్ప తనకు వేరే ధ్యాసే లేదని చెప్పవచ్చు. చెప్పినా అతను నమ్మడు. ఎండకు కాలిన ఇనుప స్తంభానికి వీపు తగలకుండా ఒదిగి, తమ్ముడి పక్కన నేల మీద కూర్చుంది. సూపర్‌వైజరు ఈల వేసేదాకా ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు.